మేనమామ కుట్టించిన పసుపు ట్యూటూ

తెలుగు సినిమాలో పుట్టినరోజు సీను మీకు కొత్తకాదు. పెద్ద హాలు, రెండు వైపులా మెట్లు, మధ్యలో బల్లెడంత కేకు. వాయించడం వచ్చినా రాకపోయినా హీరోగారు పియానో ముందు కూర్చుంటారు. చుట్టూ రంగురంగుల టోపీలతో పిల్లలు. వాళ్ళందరి మధ్యా బుట్టబొమ్మలాంటి గౌనులో బేబీ ఫలానా! పాట మరిచిపోయినా ఆ కుచ్చుల గౌను మాత్రం మన అమ్మలకీ అక్కలకీ కళ్ళలో అలాగే నిలిచిపోయేది. మర్నాడే టైలరు దగ్గరికి పరుగు. "అచ్చం ఆ సినిమాలో పాప గౌనులాగే కుట్టాలి" అని ఆర్డరు!

ఆ గౌనుకిప్పుడు పేరు మారింది. ట్యూటూ! వాట్సాప్‌లో ఫోటో పంపితే చేత్తో కుట్టి ఇంటికి పంపేవాళ్ళున్నారు. మొదటి పుట్టినరోజు ఫోటోలకి ట్యూటూ, స్కూలు వార్షికోత్సవానికి ట్యూటూ, ఆఖరికి పెళ్ళిలో పూలు చల్లే పాపకి కూడా ట్యూటూయే.

మా అక్క కూతురికి ఏడో పుట్టినరోజు వచ్చింది. మేనమామని కాబట్టి బట్టలు పెట్టడం నా వంతు. పట్టు పరికిణీ కొందామనుకున్నాను. మా మేనకోడలు ఫోనులో తేల్చి చెప్పేసింది. "మామా, పరికిణీ వద్దు. నాకు గిర్రున తిరిగితే గాల్లోకి లేచేది కావాలి." పత్రికలకి రాసుకుని బతికేవాణ్ణి, ఎవరేం అడిగినా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకు అలవాటు. ట్యూటూ గురించీ అలాగే వెతికాను.

తమాషా ఏమిటంటే, ఆ మాటే చిన్నపిల్లల మాట. ఫ్రెంచి పసిపిల్లలు తమ పిర్రల్ని ముద్దుగా పిలుచుకునే 'కుకు' అన్న మాటే 'ట్యూటూ' అయిందని నిఘంటువులు చెబుతాయి. ఇంత నాజూకు గౌనుకి అంత కొంటె పేరు!

గౌను మాత్రం పిల్లలకోసం పుట్టలేదు. 1832లో పారిస్ ఆపెరాలో 'లా సిల్ఫీడ్' అనే బ్యాలే వేశారు. మరీ టాలియోనీ అనే నర్తకి అందులో గాలిలో తేలే దేవకన్య. నాట్యం కూర్చింది ఆమె తండ్రే. మోకాళ్ళు దాటి దిగే తెల్లటి పల్చని గౌనులో ఆమె కాలివేళ్ళ కొసలమీద నిలబడితే, నేలకి తగులుతోందా లేదా అన్నట్టు కనిపించిందట. అంత పల్చని వల ధారాళంగా దొరకడానికి కారణం, అంతకు ఇరవయ్యేళ్ళ ముందే ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ వలగుడ్డ నేసే యంత్రం కనిపెట్టడం. చేత్తో అల్లే లేసు పని మరమీదికి వచ్చింది. ఆ తర్వాత గౌను పొట్టిదవుతూ పోయింది. 1880లలో వర్జీనియా జుక్కి అనే ఇటలీ నర్తకి రష్యా వెళ్ళి, కాళ్ళ పనితనం ప్రేక్షకులకి కనబడాలని పొట్టి గౌనుతో ఆడింది. చివరికి నడుము చుట్టూ పళ్ళెంలా అడ్డంగా నిలబడే ట్యూటూ తయారైంది. 'రెడ్ షూస్' (1948), 'బ్లాక్ స్వాన్' (2010) చూసినవాళ్ళకి ఆ అందం వేరే చెప్పక్కర్లేదు.

చిన్నపిల్ల ట్యూటూ అంటే మాత్రం నాకు గుర్తొచ్చేది సినిమా కాదు, ఒక బొమ్మ. 1881లో ఎడ్గార్ డెగా పారిస్‌లో ప్రదర్శించిన మైనపు బొమ్మ అది. పద్నాలుగేళ్ళ బ్యాలే విద్యార్థిని గడ్డం పైకెత్తి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి వుంటుంది. శరీరం మైనం, గౌను మాత్రం నిజం గుడ్డ! ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో వుంది. ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు. గౌను ఎంత ముచ్చటగా వున్నా, వేసుకున్న పిల్లకి ఎలా వుందో ఎవరైనా అడిగారా అనిపిస్తుంది.

సరే, అసలు పనికి వద్దాం.

ట్యూటూలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది కుట్టే లేనిది. నడుముకి సరిపోయే ఎలాస్టిక్ పట్టీకి నెట్ పీలికల్ని వరసగా ముడివేసుకుంటూ పోవడమే. చిన్నపిల్ల నడుముకి అరవై డెబ్బై పీలికలు పడతాయి. చూడ్డానికి పూలగుత్తిలా వుంటుంది. ఒక్క ఫోటోకి చాలు. గంటసేపు ఎగిరితే ముడులు ఒకవైపుకి జరిగిపోతాయి. రెండోది కుట్టిన ట్యూటూ. నడుము కొలతకి మూడు నాలుగు రెట్లు నెట్ తీసుకుని, కుచ్చులు లాగి, వరస మీద వరస కుడతారు. లోపల లైనింగు వుంటుంది. మూడోది అసలు బ్యాలే ట్యూటూ. పది పన్నెండు వరసల బిరుసు నెట్, చేతికుట్లు, కొన్నింటికి లోపల కమ్మీ. అది వేదిక మీద నర్తకికే తప్ప, కేకు తిని కుర్చీలాట ఆడే పిల్లకి కాదు.

అన్నట్టు, ఈ పళ్ళెం ట్యూటూ పెద్దవాళ్ళనే ఇబ్బంది పెట్టింది. వేదిక నిండా నర్తకులుంటే ఒకరి పళ్ళెం ఇంకొకరిదాన్ని తాకి గౌన్లన్నీ వూగిపోయేవి. ఆ చిక్కు విప్పింది బార్బరా కరిన్స్కా. 'జోన్ ఆఫ్ ఆర్క్' (1948) సినిమాకి దుస్తులు సమకూర్చి, సహచరితో కలిసి ఆస్కార్ అందుకున్నావిడ. 1950లో బాలాంషిన్ బ్యాలే 'సింఫనీ ఇన్ సి' కోసం కమ్మీ తీసేసి, పౌడరు అద్దే కుచ్చులా మెత్తగా వాలే ట్యూటూ కుట్టింది. సినిమా మనిషి కదా, దుస్తులు వేసుకున్నవాళ్ళు కదులుతారన్న సంగతి ఆవిడకి తెలుసు! పుట్టినరోజు ఇంట్లో ఇరవైమంది పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వుంటారు గనక నేనూ ఆవిడ పక్షమే చేరాను. కుట్టింది కావాలి, మెత్తటిది కావాలి.

గుడ్డకోసం పాపని వెంటబెట్టుకుని విజయవాడ వన్‌టౌన్‌లో తిరిగాను. అక్కడ నెట్ అంటే ఒకటి కాదు. పరికిణీ లోపల వేసే బిరుసు క్యాన్‌క్యాన్ వేరు, చేతిలో జారిపోయే మెత్తని నెట్ వేరు. గుట్టల మధ్య తిరిగి తిరిగి మా మేనకోడలు ముద్దబంతి పసుపు తానొకటి పట్టుకుంది. కొట్టతను దానివైపు చూశాడు, పాపవైపు చూశాడు. "పాప రంగుకి పసుపు నప్పదు సార్. లైట్ కలరేదైనా తీసుకోండి" అన్నాడు. అతను కటువుగా అనలేదు. మంచి సలహా ఇస్తున్నాననే అనుకున్నాడు. పక్కనున్న పెద్దావిడెవరో "అవునమ్మా, నల్లపిల్లకి మరీ కొట్టొస్తుంది" అని తలూపింది.

ఏడేళ్ళ పిల్ల ఏమీ అనలేదు. పట్టుకున్న గుడ్డ వదిలేసి, చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది.

ఆ చెయ్యి నాకు నచ్చలేదు. ఇవాళ గుడ్డ వదిలేసిన చెయ్యి రేపు వేదిక వదిలేస్తుంది, ఎల్లుండి ఫోటోలో చివరికి జరుగుతుంది. మన సినిమాల సంగతి మీకు తెలియనిదా? హీరోయిన్ నల్లగా వుందంటే అదొక కథావస్తువు! బ్యాలే వాళ్ళూ తక్కువేం కాదు. తరతరాలుగా కాలిజోడు గులాబీ రంగే. నల్లజాతి నర్తకులు తమ జోళ్ళకి తామే మేకప్ రాసి, ఒంటిరంగుకి తెచ్చుకునేవాళ్ళు. లండన్‌లోని ఫ్రీడ్ కంపెనీ బ్యాలే బ్లాక్ సంస్థతో కలిసి గోధుమరంగు జోళ్ళు తెచ్చింది 2018లో! టాలియోనీ వేళ్ళమీద నిలబడ్డ నూట ఎనభై ఆరేళ్ళకి!

నేను కొట్టతనితో వాదన పెట్టుకోలేదు. ఆ తానునే గుమ్మం దగ్గరికి, పగటి వెలుగులోకి తీసుకెళ్ళి పాప చేతిమీద వేశాను. ఒక పొర వేస్తే పాలిపోయినట్టుంది. మూడు పొరలు వేస్తే రంగు నిండుకుంది. నల్లని చేతిమీద ఆ పసుపు దీపంలా వెలిగింది. "ఎలా వుంది?" అని అడిగాను. కొట్టతన్ని కాదు, దాన్నే. అది చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "బంతిపువ్వులా వుంది మామా" అంది. ఆరు మీటర్లు కోయించాను. అమ్మాయిలూ, నెట్ కొనేటప్పుడు ఒక్క పొర చూసి రంగు తేల్చకండి. ట్యూబ్‌లైటు కింద అసలే తేల్చకండి.

ఇంటి దగ్గరే మిషను పెట్టుకున్న టైలరమ్మ ఒకావిడకి పని అప్పగించాం. ఆవిడ ఆది గౌను అడగలేదు, పిల్లనే అడిగింది. నడుము, నడుము నుంచి మోకాలు కొలిచాక "కూర్చోమ్మా, చేతులెత్తు, ఒకసారి తిరుగు" అంది. కూర్చుంటే నడుము పెరుగుతుందనీ, చేతులెత్తితే గౌను పైకి లేస్తుందనీ లెక్క. నెట్ అంచు పోగులూడదు కాబట్టి కింద మడత అక్కర్లేదట. కోసిన అంచు నడుము దగ్గర గీసుకోకుండా లోపలివైపు కాటన్ పట్టీ, దానికింద మల్ గుడ్డ లైనింగు వేసింది. ఎలాస్టిక్ రెండంగుళాలు లోపలే మడిచి వుంచింది, పిల్ల పెరుగుతుంది గనక. పూసలు జిగురుతో అంటించనంది. "వూడితే చంటివాడు నోట్లో పెట్టుకుంటాడండీ" అని రెండేసి కుట్లు వేసింది. మినుకుమినుకుమనే లైట్లు పెట్టించమని అక్క అడిగితే, అందులో బటన్ బ్యాటరీ మింగితే ప్రాణానికే ముప్పని నేనే వద్దన్నాను. ఆవిడ చెప్పిన కూలి విని అక్క బేరం మొదలెట్టబోయింది. వరసలు లెక్కపెట్టి చూడమన్నాను. నాలుగో వరసకే ఆపేసి డబ్బు తీసిచ్చింది.

ఇక ఒక్క పేచీ మిగిలింది. కొవ్వొత్తులు.

టాలియోనీకి ప్రియమైన శిష్యురాలు ఎమ్మా లివ్రీ. 1860లో ఆ పిల్లకోసం టాలియోనీ తానే 'సీతాకోకచిలుక' అనే బ్యాలే కూర్చింది. కథలో సీతాకోకచిలుక రెక్కలు దివిటీ మంటకి కాలిపోతాయి. 1862 నవంబరులో రిహార్సలు జరుగుతుండగా ఎమ్మా గౌను గ్యాసుదీపానికి తగిలి భగ్గుమంది. నిప్పంటుకోకుండా మందునీళ్ళలో ముంచి ఆరేసిన గౌన్లు అప్పటికే వున్నాయి. బిరుసుగా, మాసినట్టు కనబడతాయని ఆమె వేసుకోనంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జులైలో చనిపోయింది. అప్పటికామెకి ఇంకా ఇరవయ్యేళ్ళే.

ఈనాటి నెట్ నైలానో, పాలియెస్టరో. మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. వరసల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి మంట త్వరగా పాకుతుంది. దీపావళినాడు మన అమ్మలు నూలుబట్టలే కట్టుకోమనేది ఇందుకే. కేకుమీద కొవ్వొత్తులు వూదడానికి పిల్ల ముందుకి వంగేది సరిగ్గా ఆ గౌనుతోనే కదా!

"కొవ్వొత్తులు లేని పుట్టినరోజు ఫోటో ఏం బాగుంటుందిరా?" అంది అక్క. ఎమ్మా లివ్రీ కథ చెప్పాను. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా వింది. తర్వాత లేచి, కొవ్వొత్తుల ప్యాకెట్టు తీసుకెళ్ళి అలమరలో పైఅరలో పెట్టేసింది.

ఆ సాయంత్రం పాప కొవ్వొత్తులు లేకుండానే కేకు కోసింది. పాటలు పెట్టారు. ట్యూటూ గాల్లోకి లేచింది, వాలింది, మళ్ళీ లేచింది. గంటన్నర ఎగిరి చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన కూలబడి, "మామా, గుచ్చుకోవట్లేదు" అంది. అంతకు మించిన ప్రశంసాపత్రం ఏ టైలరుకీ దొరకదు. మర్నాడు వెళ్ళి ఆ మాట టైలరమ్మకి చెప్పాను. ఆవిడ మిషను ఆపి నవ్వింది.

మీలో చాలామంది ఇవాళో రేపో మేనమామలవుతారు, పిన్నులవుతారు, మేనత్తలవుతారు. ఏ పసిదానికో ట్యూటూ కుట్టించే రోజు మీకూ వస్తుంది. ఫోటో చూసి కాదు, పిల్లని చూసి కుట్టించండి. రంగు దాన్ని ఎంచుకోనివ్వండి. నిప్పు సంగతి మాత్రం మీరు చూసుకోండి.