ఎన్ని నీళ్లు?

విద్యానగర్ మెస్సుల్లో జగ్గు దగ్గర రోజూ వినబడే మాట: "ఇంకొన్ని నీళ్లు పొయ్యి మామా." ఎవరూ నవ్వరు. ఆ 'కొన్ని'నే మా రూమ్మేట్ ఒక జీడీ ప్రాక్టీస్‌లో ఇంగ్లీష్‌లో పెట్టాడు. టాపిక్ వరి సాగు. "పాడీ నీడ్స్ మెనీ వాటర్" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అక్కడున్న వాళ్లలో వరి మడిలో దిగినవాడు వాడొక్కడే. మళ్లీ నోరు తెరవలేదు.

వాడికి గ్రామర్ లేక కాదు. ఉన్నది తెలుగు గ్రామర్. పాలు, వడ్లు, పెసలు మనకు నిత్య బహువచనాలు. నీరు అనే ఏకవచనం ఉన్నా దాహమేస్తే అడిగేది నీళ్లే. నీళ్లు 'వచ్చాయి', పాలు 'పొంగాయి'. అందుకే 'ఎన్ని పాలు' అంటాం, 'ఎంత అన్నం' అంటాం. ఇంగ్లీష్ వాటర్, మిల్క్, రైస్ మూడింటినీ లెక్కపెట్టలేనివిగా చూసి 'మచ్' తగిలిస్తుంది. మనుషులకైతే మనకు 'ఎంతమంది' అని వేరే మాటే ఉంది, వాళ్లకు అదీ లేదు!

ల్యాబ్ రికార్డుల్లో 'ఎక్విప్‌మెంట్స్' కూడా ఇలాగే వచ్చింది. మనకు పరికరాలు బహువచనం, వాళ్లకు ఎక్విప్‌మెంట్ ఒక మొత్తం. ఇన్ఫర్మేషన్, సాఫ్ట్‌వేర్, లగేజ్ అంతే. చివర 'స్' పెట్టకపోతే చాలు.

1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన ఇఫ్లూ తార్నాకలో మన పక్కనే ఉంది. పక్కనే అంత చదువు జరుగుతుంటే మనం నవ్వుకోవడం దగ్గరే ఆగిపోయాం.

నిజానికి 'మెనీ వాటర్' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. అసలు దెబ్బ వేరేచోట ఉంది. సెమినార్ అయ్యాక "ఐ హావ్ ఫ్యూ డౌట్స్" అని లేస్తాం. 'ఎ ఫ్యూ' అంటే కొన్ని ఉన్నాయి. ఉత్త 'ఫ్యూ' అంటే పెద్దగా లేవు. మరి లేచింది ఎందుకు? తెలుగులో ఈ తేడాని 'ఉన్నాయి', 'లేవు' అనే క్రియలే చెప్పేస్తాయి. ఇంగ్లీష్‌లో ఆ బరువంతా ఒక్క 'ఎ' మోస్తుంది. లెక్కపెట్టలేని వాటికి 'ఎ లిటిల్', 'లిటిల్' కూడా ఇంతే. మనందరం ఇలాగే అంటాం కాబట్టి దీనికి ఎవరూ నవ్వరు.

ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో "ఐ హావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ పైథాన్" అన్నారనుకోండి. 'కొంచెం వచ్చు' అని మీ ఉద్దేశం, 'దాదాపు రాదు' అని అవతలివాళ్లకు వినబడేది. ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ ఒక్క అక్షరం దగ్గర పోతుంది.