ట్రంకుపెట్టె దగ్గరికి స్కానర్

గద్వాల కోటకు దగ్గర్లో ఒక సందు. మగ్గం చప్పుడు వినిపిస్తున్న ఇంటి అరుగు మీద నా సంచీ దించేసరికి పొద్దున తొమ్మిదైంది. లోపలి నుంచి వచ్చిన పెద్దావిడ ముందుగా ఆ సంచీ వైపే చూసింది.

"ఫొటోలు తీస్కపోతవా బిడ్డా?"

"తీస్కపోను పెద్దమ్మా. మిషినే తెచ్చిన. నీ ముందల్నే చేస్త, నీ చేతికే ఇస్త."

ఆ మాట విన్నాకే కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

ఆమెది రాజోలి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి, ఒడ్డున ఉన్న నేతగాళ్ల ఊరు రాజోలిని ముంచేసింది. కర్నూలు నగరం మునిగింది కూడా ఆ రోజుల్లోనే. ఈమె ఇంట్లో మగ్గం పోయింది, నూలు పోయింది, బురదలో ఈ ట్రంకుపెట్టె ఒకటి దొరికింది. తర్వాత ఎవరో బాగు చేయించుకొస్తామని నాలుగు ఫొటోలు పట్టుకుపోయి మళ్లీ ఇవ్వలేదు. అప్పటి నుంచి ఆ పెట్టెలోది ఏదీ గడప దాటలేదు. కూతురి ఇంటికి గద్వాల వచ్చేటప్పుడు కూడా పెట్టెను ఒళ్లో పెట్టుకునే వచ్చిందట.

నేను స్కానర్ కొనాలనుకుని చాలా రోజులైంది. అమ్మ తరఫు చుట్టాలంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలోనే ఉన్నారు. అట్టపెట్టె మీది అంకెలు చూసి కొనడం నాకు నచ్చలేదు. ఇళ్లలో ఉన్న అసలు సరుకు మీద ఒకసారి నడిపి చూశాకే డబ్బు పెట్టాలనుకున్నాను. స్నేహితుడి దగ్గర క్యానన్ లైడ్ 300 అరువు తెచ్చుకున్నాను. బరువు 1.7 కిలోలు, ఎత్తు నాలుగు సెంటీమీటర్లు దాటి కొంచెం. లాప్‌టాప్ సంచీలోనే పట్టింది. దీనికి వేరే కరెంటు తీగ ఉండదు, లాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ తీగలోంచే కరెంటు తీసుకుంటుంది. దాని విలువ పదిన్నరకు తెలిసింది. కరెంటు పోయింది, మగ్గం మీద లైటు ఆరింది, మా పని మాత్రం ఆగలేదు.

మొదట చేతికొచ్చింది కార్డు సైజు పెళ్లి ఫొటో, నలుపు తెలుపు. దాన్నే 300, 600, 1200, 2400 డీపీఐల్లో, అంటే అంగుళానికి అన్నేసి చుక్కల చొప్పున, నాలుగుసార్లు స్కాన్ చేశాను. 300లో ముఖాలు బాగానే ఉన్నాయి. 600లో పెళ్లికూతురి చీర అంచు విడివిడిగా కనిపించింది. 1200కు వెళ్తే కాగితం గరుకు పెద్దదైంది గానీ ఫొటోలో కొత్తగా ఏమీ తేలలేదు. 2400లో నిమిషాలు గడిచాయి, ఫైలు బరువెక్కింది, అంతే. నాలుగు అంగుళాలు ఆరు అంగుళాల ఫొటోను 600లో తీస్తే అడ్డంగా 2400, నిలువుగా 3600 చుక్కలు, మొత్తం 86 లక్షల పైమాట. ఆ ఫొటోను రెండింతలు చేసి గోడకు పెట్టుకోవడానికి అది చాలు. పాస్‌పోర్టు సైజు, స్టాంపు సైజు ఫొటోలకు మాత్రం 1200 పెట్టాలి. ఇంట్లో ఒక తాతకు ఉన్న ఫొటో అదొక్కటే అయితే ఇంకా ముఖ్యం.

600లో తీసిన బొమ్మను తెర మీద పెద్దది చేసి చూపించాను. పెద్దమ్మ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి వంగింది. ముఖాలను చూడలేదు, చీర అంచును చూసింది.

"కోటకొమ్మ అంచు. మా మామ నేసిండు. నా పెండ్లికి మూడు నెల్ల ముందు మగ్గం మీద పెట్టిండు."

గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ పోగుకు పోగు మెలేసి కలపడం ఇక్కడి చేతి పని. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చీర వరదలో పోయింది. దాని అంచు ఈ కార్డు ఫొటోలో మిగిలింది. లోపలున్న అల్లుడిని కేకేసింది. ఆయన వచ్చి కొమ్మల వరుసలు లెక్కపెట్టి, గ్రాఫ్ కాగితం తెచ్చుకుని గళ్లు నింపుకున్నాడు. నేను ఆ పూట ఇంకేం చెయ్యకపోయినా గద్వాల వచ్చిన పని అయినట్టే అనిపించింది.

పెట్టె అడుగున ఒక ఫ్రేము ఉంది, ఆమె భర్తది. వరద నీటికి ఫొటో పైపూత ఉబ్బి, ఆరాక అద్దానికి అతుక్కుపోయింది. ఇలా అతుక్కున్నదాన్ని లాగకూడదు, ముఖం అద్దంతో పాటే వచ్చేస్తుంది. అట్టను మాత్రం విప్పి, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టాను. బొమ్మ మసకగా వచ్చింది. మళ్లీ తీశాను. మళ్లీ అంతే.

లోపం స్కానర్ జాతిలోనే ఉంది. ఇంత పలచగా ఉండే స్కానర్లలో సీఐఎస్ అనే సెన్సార్ పట్టీ అద్దానికి ఆనుకున్నట్టు కదులుతుంది. అద్దాన్ని తాకిన వస్తువే దానికి స్పష్టం. రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా మసకే. ఫ్రేము అద్దం, ఒంకర తిరిగిన ఫొటో, మందపు పుస్తకంలో కుట్టు దగ్గరి లోయ, అన్నింటి దగ్గరా ఇదే సంగతి. పాత తరహా సీసీడీ స్కానర్లలో అద్దాలూ లెన్సూ ఉంటాయి కాబట్టి కొంత లోతు వరకు చూడగలవు. అవి లావు, బరువు, వేరే కరెంటు కావాలి. "సీసీడీ స్కానర్ దొరికితే చేయిస్త పెద్దమ్మా" అన్నాను. "దాన్నీ ఈడికే తే బిడ్డా" అంది, ఫ్రేమును గుడ్డలో చుడుతూ.

ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన, పెబ్బేరు దాటి వనపర్తి చేరాను. సంస్థానం రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. నేను వెతికింది మాత్రం బజారులో ఒక పాత స్టూడియోను. యజమానికి అరవై దాటాయి. బల్ల కింద దుప్పటి కప్పిన ఎప్సన్ వి600 ఉంది. సీసీడీ స్కానర్, నాలుగు కిలోల పైనే, మూతలో మరో దీపం. ఆ దీపం నెగటివ్‌ల కోసం. నెగటివ్‌కు వెలుతురు పైనుంచి రావాలి. నా సంచీలోని పలచటి స్కానర్‌కు ఆ ఏర్పాటు లేదు. దాని అన్న లైడ్ 400కూ లేదు. అందుకే లైడ్ 400 డబ్బా మీది 4800 డీపీఐ అంకె నన్ను ఆకర్షించలేదు. ఫిల్మ్ చదవలేని యంత్రానికి అంత సూక్ష్మం దేనికి?

"నెగటివ్ ఉన్నోళ్లు ప్రింటు జోలికి పోవద్దన్నా. ప్రింటుల రానిది నెగటివ్‌ల ఉంటది" అన్నాడాయన. బటర్ పేపర్ కవర్లలో పెట్టిన పాత నెగటివ్‌లు చూపించాడు. దుమ్మునూ గీతలనూ పరారుణ కాంతితో గుర్తుపట్టి చెరిపే సదుపాయం వి600లో ఉంది. రంగుల ఫిల్మ్‌కు అది పనికొస్తుంది గానీ నలుపు తెలుపు ఫిల్మ్‌లోని వెండినే అది మురికి అనుకుంటుంది. అక్కడ బ్రష్షుతో చెయ్యి కదలాల్సిందే. ఎనభైల నాటి రంగు ఫొటోలు ఎర్రబారితే భయపడవద్దని కూడా చెప్పాడు. వాటిలో ముందు వెలిసేది నీలిపచ్చ రంగు. స్కాన్ చేశాక కంప్యూటర్‌లో చాలావరకు వెనక్కి తేవచ్చు.

ప్రపంచంలో కంప్యూటర్‌లోకి స్కాన్ అయిన మొదటి బొమ్మ ఇంటి ఫొటోయేనని ఆయనతో అన్నాను. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను 176 చుక్కలు అడ్డం, 176 నిలువుగా యంత్రానికెక్కించాడు. స్టూడియో ఆయన కాసేపు ఊరుకుని, "కొడుకు ఫొటోనే పెట్టిండా!" అని నవ్వాడు. గద్వాల ఫ్రేము సంగతి చెప్పాను. గోడ మీది క్యాలెండర్ చూసి, "ఐతారం దుకాణం బంద్. నేనే మోస్కొస్త" అన్నాడు.

బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ పోతుంటే సురవరం ప్రతాపరెడ్డి గుర్తొచ్చారు. నడిగడ్డలోని బోరవెల్లిలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లినవారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊళ్లలో, ఇళ్లలో ఉన్నదాన్ని పోగుచేసి అచ్చుకెక్కించాకే లోకం ఒప్పుకుంది. ట్రంకుపెట్టెల విషయంలోనూ నాకు అదే ఆత్రం.

నాగర్‌కర్నూల్‌లో మా బంధువు ఒకాయన రిటైర్డ్ టీచరు. వాళ్ల నాన్నగారి ఊరు కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, శ్రీశైలం జలాశయంలో మునిగింది. ముంపు కుటుంబాల ఉద్యోగాల కోసం 1986లో జీవో 98 వచ్చాక ఈ ఇంట్లో కాగితాలే ప్రాణమయ్యాయి. ఏ ఆఫీసుకు పోయినా నోటీసు చూపు, పరిహారం అవార్డు నకలు చూపు. మడతల దగ్గర చిరిగి, సెల్లోటేపు పసుపెక్కిన కాగితాలు. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ నకలు ఉర్దూలో ఉంది.

కాగితాలకు 300 డీపీఐ చాలు. కానీ రంగుల్లోనే తియ్యాలి. నలుపు తెలుపులో తీసిన ఒక నకలులో నీలి ముద్ర, దాని కింది సంతకం కలిసిపోయి ఒక మరకలా కనిపించాయి. రంగులో రెండూ విడిపోయాయి. వెనక వైపు కూడా తియ్యాలి, కలం రాతలు అక్కడే ఉంటాయి. స్టాంపు కాగితం ఏ4 కన్నా పొడవు, ఈ స్కానర్ అద్దంలో పట్టదు. రెండు ముక్కలుగా, నడుమ నాలుగు వేళ్లంత కలిసేట్టు తీసి కంప్యూటర్‌లో అతికాను. మూత అడ్డొచ్చి ఇబ్బందైంది. ఎప్సన్ వి39లో మూత పూర్తిగా ఊడొస్తుంది. పొడుగు దస్తావేజులు, లావాటి ఆల్బమ్‌లు ఎక్కువున్న ఇంటికి అదే మేలు.

"స్కాన్ ఉంది గదా, ఇవి లామినేషన్ చేయించనా?" అని అడిగారాయన. "వద్దు బాబాయ్, ఒకసారి అతికితే కాగితం మళ్లీ బయటికి రాదు. ఆఫీసులో అడిగేది అసలునే" అన్నాను. ఫైళ్లు ఎక్కడ దాచాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకాలే తడిశాయి. మనమెంత? ఒక నకలు లాప్‌టాప్‌లో, ఒకటి విడి డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టం ఇంట్లో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

నేను కొన్నది లైడ్ 300నే. ఇంట్లో ఉన్నవి ప్రింట్లూ కాగితాలూ అయితే ఇంతకన్నా పెద్దది అక్కర్లేదని నా తీర్పు. నెగటివ్‌లు, అద్దానికి అతుక్కున్నవి ఉంటే ఆ కొన్నింటి కోసం సీసీడీ ఉన్న స్టూడియోను వెతకండి, పక్కన కూచుని చేయించుకోండి. ఏది కొన్నా, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే మొదలుపెట్టండి.

ఆ ఆదివారం వనపర్తి స్టూడియో ఆయన మాట తప్పలేదు. వి600ను దుప్పట్లో చుట్టుకుని బస్సులో గద్వాల వచ్చాడు. అద్దం వెనకున్న ముఖం మీసం వెంట్రుకలతో సహా వచ్చింది. ఆ ఫైలు ఇప్పుడు గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో, హైదరాబాదులో ఉంది. ఫ్రేము మాత్రం ట్రంకుపెట్టెలోనే ఉంది.