హాంప్‌స్టెడ్‌లో ఆడవాళ్ళ రేవు

లండను వెళ్ళివచ్చాననగానే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. “రాజుగారి కోట చూశారా? మ్యూజియం చూశారా?” అని. చూశాను. అవి వెళ్ళినవారంతా చూసేవే, వచ్చినవారంతా రాసేవే. నేను రాయబోయేది ఒక చెరువును గురించి. చెరువు కోసం అంతదూరం వెళ్ళాలా, మన ఊళ్ళో లేవా అంటారేమో, ఆ మాట మా చెల్లెలితో నేనూ అన్నాను.

“ఇది ఆడవాళ్ళ చెరువక్కా. మగపురుగు లోపలికి రాదు. నువ్వు చూసి తీరాలి” అన్నది అది.

ఆ మాట నన్ను పట్టుకున్నది. మాది పశ్చిమగోదావరి. నా చిన్నతనంలో మా వీధి చివర పంటకాలువకు ఆడవాళ్ళ రేవు ఒకటి ఉండేది. ఐదు మెట్లు, పక్కన ఒక రావిచెట్టు. తెల్లవారుజామున మా అమ్మ, పిన్నులు బట్టల మూటలతో అక్కడికి వెళ్ళి, ఇంట్లో నోరు మెదపనివాళ్ళు కూడా గలగలా మాట్లాడుకునేవారు. నాకు ఈత వచ్చింది ఆ రేవులోనే. ఇంటింటికీ కుళాయిలు వచ్చాక మెట్లమీద పాచి పెరిగింది. తరువాత ఎవరో రేవు పూడ్చి కొట్లు కట్టారు. కుళాయి వచ్చినందుకు సంతోషించామే గాని, పోయినదేమిటో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

2025 జూలైలో ఒక శనివారం. 214 నంబరు బస్సెక్కి హైగేటు వైపు వెళ్ళాము. లండనుకు ఉత్తరాన హాంప్‌స్టెడ్ హీత్ అని దాదాపు 800 ఎకరాల బయలు ఉన్నది. బయలంటే మన పోరంబోకు లాంటిది కాదు. మిట్టలు, పల్లాలు, ముసలి ఓక్ చెట్లు, మోకాలెత్తు గడ్డి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో నగరానికి నీళ్ళు అందించటానికి ఫ్లీట్ అనే ఏటి ఊటలకు అడ్డకట్టలు వేసి వరసగా చెరువులు చేశారు. ఆ ఏరు ఇప్పుడు వీధుల కిందినుంచి, ఎవరికీ కనబడకుండా పోయి థేమ్సు నదిలో కలుస్తుంది. చెరువులలో మూడింటిలో ఈతకు అనుమతి ఉన్నది. మగవాళ్ళది 1893లో తెరిచారు. ఆడవాళ్ళది 1925లో. మధ్య ముప్ఫైరెండేళ్ళు! మూడోది ఇద్దరికీను.

మిల్‌ఫీల్డ్ లేన్ అనే సందులో నడుస్తూపోతే చెట్లసందున ఒక గేటు, గేటుకు ఒక బోర్డు. స్త్రీలకు మాత్రమేననీ, పురుషులు ఇక్కడినుంచి ముందుకు రారాదనీ. మా చెల్లెలు బూటు లేసు కట్టుకుంటూ వెనకబడ్డది. నేను ముందు నడిచాను.

ఇక్కడ నా ఆకారం కొంచెం చెప్పుకోవాలి. ప్రయాణానికి నెలరోజుల ముందు మొక్కు తీర్చుకోవటానికి తిరుపతి కొండకు వెళ్ళి తలనీలాలు ఇచ్చుకున్నాను. అప్పటికి నెత్తిమీద అంగుళంలో సగం జుట్టు మొలిచింది. ఒడ్డూ పొడుగూ మా నాన్నగారి పోలిక. ఆ రోజు జల్లు పడుతున్నదని మా మరిది రెయిన్‌కోటు తగిలించుకున్నాను. బొట్టు ఆ జల్లుకే కరిగిపోయింది కాబోలు.

గేటులోనుంచి ఒక పెద్దావిడ వస్తున్నది. డెబ్భై దాటి ఉంటాయి. నన్ను చూసి ఆగింది. తల చూసింది, కోటు చూసింది, మళ్ళీ తల చూసింది. “ఇది ఆడవాళ్ళకండీ” అని మర్యాదగానే బోర్డు చూపించింది.

“నేను ఆడదాన్నే” అన్నాను.

ఇరవైయేళ్ళు పాఠాలు చెప్పి బొంగురుపోయిన గొంతు నాది. ఆ గొంతుతో ఆ మాట నాకే నమ్మశక్యంగా వినబడలేదు. నలభైఆరేళ్ళ జీవితంలో ఆ వాక్యం పైకి పలకవలసిన అవసరం అదే మొదటిసారి. ఇంతలో మా చెల్లెలు “అక్కా” అంటూ పరుగెత్తుకు వచ్చింది. ఆవిడ ముఖం ఎర్రబడ్డది. నా ముఖం ఎలా ఉన్నదో నాకు తెలియదు.

లోపలి దారంతా చెట్ల నీడ. దారి తిరిగేసరికి చెరువు. చుట్టూ విల్లో చెట్లు నీళ్ళలోకి వంగి ఉన్నాయి. నీళ్ళు నలుపు, మురికి కాదు, లోతు. చెక్క వేదిక, నిచ్చెన, కాపలాకు ఇద్దరు ఆడవాళ్ళు, పలకమీద సుద్దతో నీటి వేడిమి: 20 డిగ్రీలు. మాకది పుష్యమాసపు చలి. లోతు నీళ్ళలో, చల్లని నీళ్ళలో ఈది అలవాటున్నదా అని కాపలా అమ్మాయి అడిగింది. పంటకాలువలో ఈదానన్నాను. కాలువ అంటే ఆ పిల్ల ఏమనుకున్నదో, తలూపింది. దిగాను. గుండె ఒక్కక్షణం ఆగి మళ్ళీ మొదలయింది. పక్కనే ఒక నీటికోడి తన పిల్లలతో నిర్లక్ష్యంగా వెళ్ళిపోయింది. నలుగురైదుగురు ఆడవాళ్ళు తలలు పైకి పెట్టుకుని, చీరలబేరం మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటూ ఈదుతున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు మా రేవు కనబడ్డది.

బట్టలు మార్చుకుని పైన గడ్డివాలులో కూర్చున్నాము. ఎండ వచ్చింది. కొందరు పైబట్ట కూడా లేకుండా పడుకుని పుస్తకాలు చదువుతున్నారు. నేను ఎటు చూడాలో తెలియక చెట్లు చూశాను. కొంతసేపటికి గేటు దగ్గరి పెద్దావిడ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడ్డది. ఇంటికి వెళ్ళబోయినదల్లా మనసొప్పక తిరిగివచ్చిందట. టీ పోసి ఇచ్చి, క్షమించమన్నది. “ఇదివరకైతే నేనలా ఎవరినీ అడిగేదాన్ని కాను. ఈ గొడవలు వచ్చాకే కళ్ళు ఇలా తయారయ్యాయి” అన్నది.

గొడవ ఏమిటంటే, పుట్టినప్పుడు మగబిడ్డగా లెక్కలోకెక్కి, తరువాత స్త్రీగా బతుకుతున్నవారు, అనగా ట్రాన్స్‌జెండర్ స్త్రీలు, ఈ చెరువులోకి రావచ్చునా కూడదా అని. కొందరు ఎన్నో ఏళ్ళుగా వస్తూనే ఉన్నారట, ఎవరూ పట్టించుకోలేదట. 2018లో, ప్రభుత్వం స్త్రీపురుష గుర్తింపు చట్టాన్ని సులువు చేయాలని ఆలోచిస్తున్న రోజులలో, కొందరు స్త్రీలు అంటుడుగడ్డాలు పెట్టుకుని “మేమూ మగవాళ్ళమే” అంటూ మగవాళ్ళ చెరువులో దిగారు, పోలీసులు వచ్చారు. హీత్‌ను చూసుకునే సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ ఆ ఏడే ప్రజలను అడిగితే దాదాపు 40,000 జవాబులు వచ్చాయి. 2019లో కార్పొరేషన్ తన విధానం ప్రకటించింది: ఎవరు ఏ రూపంలో బతుకుతున్నారో ఆ రూపంగానే చూస్తామని. 2024 మార్చిలో చెరువు సంఘం సభలో, పుట్టుకతో ఆడవాళ్ళయినవారికే చెరువు ఉండాలని తీర్మానం పెడితే ఓడిపోయింది. 2025 ఏప్రిల్ 16న ఆ దేశపు సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, 2010 నాటి సమానత్వ చట్టంలో ‘స్త్రీ’ అంటే పుట్టుకతో స్త్రీ అని తేల్చారు. ఇది ఒక పక్షం మీద ఇంకొక పక్షం గెలుపుగా తీసుకోవద్దనీ, ట్రాన్స్‌జెండర్లకు వివక్షనుంచి రక్షణ అలాగే ఉన్నదనీ తీర్పు చదువుతూనే చెప్పారు. తీసుకోవద్దంటే ఎవరు వింటారు? ఒక పక్షం సీసాలు విప్పి పండుగ చేసుకున్నది, ఇంకొక పక్షం వీధికెక్కింది. ఆ ఏడాదే మళ్ళీ ఈ చెరువులను గురించి ప్రజాభిప్రాయం అడిగారు.

“మీ ఓటు ఎటు?” అన్నాను పెద్దావిడతో.

“కూడదని వేశాను” అన్నది. కాసేపు కప్పు చేతిలో తిప్పింది. ముప్ఫైయేళ్ళప్పుడు మొగుడిని వదిలి వచ్చిన కొత్తలో ఆవిడ ఒంటిమీద నీలపు మచ్చలు ఉండేవట. అవి దాచుకోకుండా బట్ట విప్పగలిగిన చోటు ఊరు మొత్తంమీద ఇదొక్కటేనట. “నాకు ఫలానా మనిషంటే భయం కాదండీ. ఆ బోర్డుమీది మాటకు అర్థం ఎవరికి వారు చెప్పుకునేదయితే, నేనిక్కడ కళ్ళు మూసుకుని పడుకోగలనా అని.”

పక్క తువాలుమీద పడుకున్న ఆవిడ, నా వయసుదే, లేచి కూర్చున్నది. “ఇవాళ నువ్వు ఆపింది ఎవరిని? ఈవిడను. ఈవిడ ఆడదేగా! రేపు పొట్టి జుట్టున్న మా అమ్మాయిని ఆపుతావు. మా స్నేహితురాలొకతె ఎన్నో ఏళ్ళుగా వచ్చేది, ట్రాన్స్‌జెండరు. ఎవరికీ హాని చేయలేదు. ఏప్రిల్ తరువాత రావటం మానేసింది. అడుగుతారేమోనని.”

“ఆమెను నేనెన్నడూ అడగలేదు” అన్నది పెద్దావిడ.

“అడగనక్కరలేదు. చూస్తే చాలు.”

ఇది వాళ్ళ మధ్య వందోసారి అని తెలుస్తూనే ఉన్నది. ఇద్దరి గొంతూ పెరిగింది. ఆమీద ఏమైందనుకున్నారు? పెద్దావిడకు ఇంకోసారి ఈదాలనిపించింది. కళ్ళజోడు, చేతిసంచి ఆ రెండో ఆవిడకు అప్పగించి వెళ్ళింది. ఆమె ఆ సంచిని తన తలకింద పెట్టుకుని మళ్ళీ పుస్తకం తెరిచింది.

నేను మాత్రం గడ్డిలో ఉన్న వాళ్ళందరినీ ఒకరి తరువాత ఒకరిని చూడటం మొదలుపెట్టాను. భుజాలు, చేతులు, గొంతులు. ఆవిడ స్నేహితురాలి వంటివారు ఎవరైనా ఇక్కడ ఉన్నారా అని. తెలియలేదు. ఇందాక గేటు దగ్గర నామీద పడిన చూపే ఇప్పుడు నాదయిందని తెలిసి తల దించుకున్నాను.

ఈ చూపు కొత్తది కాదు. తెలుగు పంతులమ్మను గనక విరాటపర్వం గుర్తుకొచ్చింది. బృహన్నలను కూతురి అంతఃపురానికి నాట్యం నేర్పటానికి పంపే ముందు విరాటరాజు స్త్రీలచేత పరీక్ష చేయించాడని వ్యాసభారతంలో ఉన్నది. ఎన్నోసార్లు ఆ కథ చెప్పాను. ఆ పరీక్ష జరిగే గదిలో బృహన్నల ముఖం ఎలా ఉండి ఉంటుందని ఏ తరగతిలోనూ అడగలేదు.

అడగవలసిన సందర్భం రాకపోలేదు. మా కాలేజీలో లేడీస్ వెయిటింగ్ రూము తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మూడేళ్ళ కిందట బి.ఏ. రెండో సంవత్సరంలో ఒక పిల్ల, రిజిస్టరులో మగపేరే ఉన్నది, మెడదాకా జుట్టు పెంచి, కళ్ళకు కాటుకతో వచ్చేది. చక్కగా పద్యం చదివేది. ఒకరోజు సాయంత్రం నా బల్ల దగ్గర నిలబడి, “మేడమ్, ఆ గదిలో బాత్రూము వాడుకోవచ్చునా? మగపిల్లల వైపు వెళితే తలుపు తోసేస్తున్నారు. ఉదయంనుంచి మంచినీళ్ళు తాగటం మానేశాను” అన్నది.

ఆ ముందురోజే ఇద్దరు ఆడపిల్లలు నా దగ్గరకు వచ్చి ఉన్నారు. “వాడిని రానివ్వకండి మేడమ్” అని. అందులో ఒకతె సంగతి నాకు తెలుసు. రెండు గదుల ఇల్లు, నలుగురు అన్నదమ్ములు. ఆ పిల్ల ఒంటరిగా కాసేపు కూర్చోగలిగేది మా వెయిటింగ్ రూములోనే. దాని మాట తీసిపారేయటానికీ నాకు మనసొప్పలేదు.

నేనేం చేశాను? “ప్రిన్సిపాలుగారి సంతకం తెచ్చుకోమ్మా” అన్నాను. అమ్మా అని పిలిచాను గనక దయగా మాట్లాడాననుకున్నాను. సంతకం కోసం వెళితే అక్కడ ఎవరో డాక్టరు సర్టిఫికెట్ అడిగారట. వారం తరువాత ఆ పిల్ల రావటం మానేసింది. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు, తమ లింగమేదో తాము నిర్ణయించుకునే హక్కు ట్రాన్స్‌జెండర్లకు ఉన్నదని తీర్పు చెప్పింది. ఆ సంగతి నేను పేపరులో చదివినదాన్నే. బల్ల దగ్గర గుర్తుకు రాలేదు. లండను తీర్పుకు, ఆ తీర్పుకు పదకొండేళ్ళూ ఒక్కరోజూ తేడా. చెప్పిన మాటలు మాత్రం చెరొక దారి.

పెద్దావిడ భయం నవ్వుకునేది కాదు. నీళ్ళు మానేసిన పిల్ల దాహమూ చిన్నది కాదు. హీత్‌లో మూడు చెరువులుండగానే ఇంత తగవయితే, మా కాలేజీలో ఉన్నది ఒక్క గది, ఆ గదిలో బాత్రూము తలుపుకు గడియ లేదు. ఆడపిల్లలే ఒకరికొకరు కాపలా నిలబడేవారు. ఒక గడియ, ఇంకొక తలుపు: వార్షికోత్సవానికి కొనే పూలదండల ఖరీదు. అది నేను అడగలేదు, సంతకం అడిగాను.

“ఏమక్కా, చలేసిందా? మాట్లాడవేం?” అన్నది చెల్లెలు బస్సులో. చలేసిందన్నాను.

తిరిగి వచ్చాక ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలయింది. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు టిక్కెట్టు డబ్బు లేదు. తెలంగాణాలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9నుంచే ఇద్దరికీ ఉన్నది. ఆ నెలలోనే ఒకరోజు పల్లెవెలుగులో భీమవరంనుంచి వస్తున్నాను. నిండు బస్సు. ఉండి దగ్గర పచ్చచీర కట్టుకున్న ఒకావిడ ఎక్కింది. ఎక్కి, పైకమ్మీ పట్టుకుని నిలబడ్డది. గొంతు విని ముందుసీటు అమ్మాయి కిటికీ వైపు జరిగింది. చోటు ఇవ్వటానికో, దూరం జరగటానికో నాకు తెలియలేదు. వెనకసీటు ముసలమ్మ మాత్రం గంపను ఒళ్ళోకి లాక్కుని “కూచో, పడిపోతావు” అని గద్దించింది.

ఆ పిల్లేనేమోనని లేచి చూశాను. కాదు. ఈవిడ వయసు చాలా పెద్దది. కండక్టరు వచ్చి ఆధారు కార్డు చూసి, ముఖం చూసి, మళ్ళీ కార్డు చూశాడు. బస్సులో మాటలు ఆగిపోయాయి. ఏదో నొక్కాడు, జీరో టిక్కెట్టు బయటికి వచ్చింది. చించి ఇచ్చి, “తరువాత?” అంటూ నా వైపు చెయ్యి చాపాడు.