పేరు పిలిచేవాళ్ళది

పేరు పెట్టేవాళ్ళు ఒకరైతే, దాన్ని నిలబెట్టేవాళ్ళు పిలిచేవాళ్ళు. తరతరాలుగా పరభాషల నడుమ కాపురాలు చేస్తూ యింటిపేర్లను కాపాడుకుంటూ వచ్చిన మనకు యీ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చెప్పవలసింది పెద్ద పెద్ద కంపెనీలకే.

ట్విట్టరు సంగతే చూడండి. 2006లో మొదలైన ఆ పేరు లోకమంతా పాకింది. అందులో వ్రాసేదాన్ని జనం 'ట్వీట్' అన్నారు. 2013లో ఆ అర్థం ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుకే ఎక్కింది. డబ్బు పోసినా దొరకని భాగ్యమది! 2022 అక్టోబరులో ఇలాన్ మస్క్ ఆ కంపెనీని 4,400 కోట్ల డాలర్లకు కొన్నారు. 2023 జులైలో పిట్టబొమ్మను తీసివేసి, 'ఎక్స్' అన్న ఒంటి అక్షరం తగిలించారు. పత్రికలవాళ్ళు చాలాకాలం పక్కన 'పూర్వపు ట్విట్టరు' అని వ్రాయవలసి వచ్చింది. వివరణ లేనిదే చెల్లని పేరు పేరెట్లా అవుతుంది?

అమెరికాలో ఇంటర్నెట్టు ద్వారా సినిమాలు చూపే 'హెచ్.బి.ఓ. మాక్స్' వారిది మరీ విడ్డూరం. 1972 నాటి 'హెచ్.బి.ఓ.' పేరును 2023 మేలో కోసివేసి ఒట్టి 'మాక్స్' అన్నారు; 2025 జులైలో మళ్ళీ పాత పేరే పెట్టుకున్నారు. వెనక్కు రావడం మెచ్చదగినదే. ముందే ఆలోచిస్తే ఆ ఖర్చు తప్పేది గదా!

పేరు మార్చడమే తప్పని మేము అనడం లేదు. మద్రాసు 1996లో చెన్నై అయింది. 'బ్యాంగలోర్' 2014లో ఇంగ్లీషులోనూ బెంగళూరు అయింది. అక్కడ జనం నోట నానిన పేరే కాగితం మీదికి ఎక్కింది. మన పెద్దలు చెన్నపట్నమనీ బెంగుళూరనీ ఎప్పుడూ అంటూ వచ్చినదే! కంపెనీలు చేసేది దీనికి తలక్రిందులు.

ఇది ఒట్టి వేడుక మాట కాదు. మన యిళ్ళలో పెద్దవాళ్ళు సెల్‌ఫోను వాడడం నేర్చుకున్నది పేరునూ బొమ్మనూ ఆనవాలు పట్టే. రాత్రికి రాత్రి రెండూ మారితే, ఇది పాతదేనా, మోసగాడు పన్నిన వలా అని వాళ్ళకు తోచదు. డబ్బు పంపే చోట ఆ తికమక ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? మార్చక తప్పదనుకుంటే, కొన్నేళ్ళపాటు కొత్త పేరు క్రింద పాత పేరు కూడా ఉంచవచ్చు. కంపెనీకి అయ్యే నష్టమేమీ లేదు.

అందాకా మన పని మనం చేద్దాం. పేరు మారిందని తెలిసిన రోజునే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూపిద్దాం. వాళ్ళు పాత పేరే అంటే నవ్వవద్దు.