కొయ్య అచ్చులో ఖడ్గమృగం

గంగవరం నుంచి కాళహస్తికి పోయి ఒక బట్ట చూచి వస్తామని చెబితే మీ ఇంట్లో నవ్వుతారు. బట్ట చూడటానికి అంత దూరమా అంటారు. కాని పిల్లలూ, ఆ బట్టను చూచినవాళ్ళకు, ఐదువందల ఏళ్ళ కిందట యూరపు సంతలలో జనం గుమికూడి ఏమి చూచేవారో సగం తెలిసిపోతుంది. ఈ నెల మనం అక్కడికే పోదాం.

గంగవరం పలమనేరు పక్కనే గదా! పలమనేరులో చిత్తూరు బస్సు ఎక్కితే మొగిలి ఘాటు దిగాలి. పైన చల్లగా ఉన్న గాలి బంగారుపాళెం చేరేసరికి వెచ్చబడుతుంది. చిత్తూరు, తిరుపతి దాటి, మొత్తం 150 కిలోమీటర్లు అటూ ఇటూగా పోతే స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి వస్తుంది.

ఇక్కడి కలంకారీ బట్ట మీద రామాయణమో, భారతమో ఉంటుంది. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా చిన్న బొమ్మలు. బొమ్మల పక్కన తెలుగులో రాత. చదువు వచ్చినవాడు రాత చదువుతాడు, రానివాడు బొమ్మ చూచి కథ చెప్పుకుంటాడు. అందుకే వీటిని పూర్వం గుడులలో వేలాడదీసేవారు, రథాలకు కట్టేవారు.

బట్టను కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెడతారు. పాల జిడ్డు ఉంటేనే రంగు పక్కకు పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీతలు గీస్తారు. కలం అంటే మన పెన్ను కాదు; వెదురుపుల్లకు నూలుగుడ్డ చుట్టి, దారంతో బిగించిన పుల్ల. గుడ్డ రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే కొంచెం కొంచెంగా వదులుతుంది. నల్లరంగు ఎలా చేస్తారనుకున్నారు? తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీటిలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన బట్టకు తగిలితే చాలు, గీత నల్లబడుతుంది. తరవాత బట్టను పారే నీటిలో ఉతకాలి.

ఒక బట్ట మీద గీసినది ఆ ఒక్క బట్టకే. ఇంకొకటి కావాలంటే మళ్ళీ మొదటినుంచీ గీయవలసిందే.

యూరపులో మరొక దారి తొక్కారు. నున్నటి పలక మీద బొమ్మ గీసి, గీతలను మాత్రం ఉంచి మిగతా కొయ్యనంతా చెక్కి తీసేశారు. ఉబ్బెత్తుగా మిగిలిన గీతలకు సిరా పూసి కాగితం అద్దితే బొమ్మ పడుతుంది. ఒక పలకతో వందలు, వేలు! 1423 అని సంవత్సరం చెక్కిన అటువంటి బొమ్మ ఒకటి ఇప్పటికీ ఉన్నది. ఒక మహాకాయుడు పసిబాలుణ్ణి భుజాన ఎత్తుకుని ఏరు దాటుతున్నాడు. వసుదేవుడు యమున దాటినట్టే లేదూ! ఆయన క్రైస్తవుల సెయింట్ క్రిస్టఫర్. ఆ బొమ్మ చూచినవాడికి ఆ రోజు దుర్మరణం ఉండదని నమ్మకం. ఇటువంటి కాగితాలను పల్లెజనం సంతలో కొని గోడకు అంటించుకునేవారు.

దేవుళ్ళ బొమ్మలతోపాటు వింతల బొమ్మలూ వచ్చాయి. అందులో అన్నిటికన్నా పెద్ద వింత మన దేశంనుంచే పోయింది. గుజరాతు సుల్తాను ముజఫర్ షా పోర్చుగీసువారికి ఒక ఖడ్గమృగాన్ని కానుకగా ఇచ్చాడు. అది ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి, 1515 మే 20న లిస్బన్‌లో దిగింది. వెయ్యేళ్ళకు పైగా యూరపులో ఎవరూ ఖడ్గమృగాన్ని చూచి ఎరగరు. ఎవరో దాని బొమ్మ గీసి, వర్ణిస్తూ ఉత్తరం రాశారు. అవి జర్మనీలో న్యూరెంబర్గు పట్నం చేరాయి. అక్కడ ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే గొప్ప చిత్రకారుడు ఉన్నాడు. ఆయన మృగాన్ని చూడనేలేదు. విన్నదానికి తన ఊహ కలిపి గీశాడు. చర్మం కాస్తా యుద్ధవీరుడి కవచమైపోయింది! కాళ్ళ మీద పొలుసులు, మెడ వెనక లేని చిన్న కొమ్ము ఒకటి.

ఆ బొమ్మను కొయ్య మీద చెక్కి, వేల ప్రతులు అచ్చువేశారు. జనం నమ్మారు. పండితులు తమ గ్రంథాలలో అదే ఎక్కించారు. అసలు మృగం సంగతా? దానిని పోపుకు కానుకగా మళ్ళీ ఓడ ఎక్కించారు. 1516లో ఇటలీ తీరాన తుపానులో ఓడ మునిగింది. ఖడ్గమృగానికి ఈత బాగా వచ్చు. కాని పాపం, దానిని గొలుసులతో కట్టి ఉంచారు. మృగం పోయింది, తప్పు బొమ్మ బతికింది. 1741లో క్లారా అనే మరొక ఖడ్గమృగం మన దేశంనుంచి హాలెండు చేరి, ఊరూరా తిరిగినాకగాని యూరపు జనానికి నిజరూపం తెలియలేదు. తప్పు దిద్దుకోవడానికి 200 ఏళ్ళు దాటింది!

డ్యూరరును తప్పుపట్టబోయేముందు, మన దేవాలయాలలో సింహాలను చెక్కినవాళ్ళలో సింహాన్ని చూచినవాళ్ళు ఎందరో మీరే ఆలోచించండి.

మనవాళ్ళకూ అచ్చు తెలుసు. మచిలీపట్నంవారు కొయ్య అచ్చులతో బట్టల మీద పువ్వులు, తీగలు అద్దేవారు; నేటికీ దగ్గరలో ఉన్న పెడనలో ఆ పని చూడవచ్చు. ఈ తీరపు రంగుబట్టలకోసం డచ్చివారు, ఇంగ్లీషువారు ఎగబడ్డారు. తమ దేశాలలో నచ్చే నమూనాలు పంపి, అలాగే వేయించుకున్నారు. ఆ బట్టలు అక్కడ ఎంతగా అమ్ముడుపోయాయంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు వీటిని నిషేధించి, 1759 దాకా ఆ నిషేధం ఉంచింది. ఇంగ్లండు కూడా చట్టాలు చేసింది. ఈలోగా వాళ్ళు మన రంగుల రహస్యాలు నేర్చుకుని, రాగి రోలర్లతో యంత్రాల మీద అచ్చువేయటం మొదలుపెట్టారు. ఆ చవక బట్ట తిరిగి మన సంతకే వచ్చింది. ఈ దెబ్బ మన పనివాళ్ళకు గట్టిగానే తగిలింది.

కాళహస్తిలో కూడా కలం పట్టేవాళ్ళు తగ్గి, ఒక కాలానికి కొద్దిమందే మిగిలారు. 1950ల చివర ప్రభుత్వం శిక్షణకేంద్రం పెట్టింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అక్కడ పిల్లలకు నేర్పారు. ఆయన కుమారుడు గుర్రప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆడవాళ్ళూ, మగవాళ్ళూ ఎందరో ఈ పని చేస్తున్నారు.

గంగవరం తిరిగి వచ్చినాక ఒక పని చేయండి. పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, ఒక ఉర్లగడ్డను రెండు ముక్కలు కోసి, చదునువైపు ‘గం’ అని ఉబ్బెత్తుగా చెక్కండి. సిరా పూసి కాగితం మీద అద్దండి. అక్షరం తిరగబడి, సున్నా ముందు వచ్చి, గ వెనక పడుతుంది! కొయ్య చెక్కేవాళ్ళు అందుకే బొమ్మను ముందే తిప్పి చెక్కేవారు. అంత ఓపిక లేనివాళ్ళు బెండకాయ కోసి అద్దుకోండి. దానిని ఎటు తిప్పినా పువ్వే పడుతుంది.