పల్లపు నేలలో ఎత్తు కట్టడాలు

నా ఫోన్‌లో వరి ఫోటోలు ఎన్నున్నాయో, ఎత్తు కట్టడాల ఫోటోలూ దాదాపు అన్నే ఉన్నాయండి. గోపురాలు, వాటర్ ట్యాంకులు, లైట్ హౌసు, మిల్లుల పొగ గొట్టాలు, సెల్ టవర్లు, హైదరాబాదు వెళ్లినప్పుడు అక్కడి పెద్ద పెద్ద టవర్లు. "వ్యవసాయం చేసుకునేవాడికి ఇదేం పిచ్చి" అని మా ఇంట్లోనే అంటారు. కొండలున్న ఊళ్లో పుట్టినవాళ్లకి ఇది అర్థం కాకపోవచ్చు. ఒకసారి గుడివాడ నుంచి బందరుకి రైల్లో కిటికీ పక్కన కూర్చుని చూడండి. గుడ్లవల్లేరు, పెడన, బందరు... ఒక్క గుట్ట తగలదు. అంతా చాప పరిచినట్టే. అలాంటి నేల మీద తాటిచెట్టుని దాటి లేచింది ఏదైనా సరే, మూడు ఊళ్ల అవతలికి కనపడుద్ది.

ఫోటో తీసే ఉద్దేశం ఉన్నవాళ్లకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను. దమ్ము చేసి నీళ్లు నిలిపిన చేను నాటు పడే దాకా అద్దంలా ఉంటది. ఆ రెండు మూడు రోజులే. గాలి లేవకముందు పొద్దున్నే వెళ్లాలి. మన శ్రీకాకుళం (ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండోయ్, ఘంటసాల పక్కది, కృష్ణదేవరాయలికి ఆముక్తమాల్యద రాయమని కలలో ఆనతిచ్చాడంటారే, ఆ ఆంధ్రమహావిష్ణువు ఊరు) వైపు ఆ టైములో వెళ్తే గోపురాన్ని ఎలా తీసినా బాగానే వస్తది. ఇంకోటి. కట్టడం కిందకి వెళ్లి ఫోన్ పైకెత్తి తీస్తే అది వెనక్కి పడిపోతున్నట్టు వస్తది. వీలైనంత దూరం వెనక్కి నడిచి, రెండింతలు జూమ్ పెట్టి, ఫోన్ నిటారుగా పట్టుకోండి. దాని మొదట్లో ఒక మనిషో, గేదో ఉండేట్టు చూసుకోండి. లేకపోతే చూసేవాడికి ఎత్తు తెలవదు.

మంగినపూడి లైట్ హౌసుని మధ్యాహ్నం ఎండలో తీయొద్దు, తెల్లగా మాడిపోయినట్టు వస్తది. బందరులో వాతావరణ శాఖ వాళ్ల రాడార్ ఉంది చూశారా, పైన తెల్ల బంతి పెట్టినట్టు ఉంటదే, నాకు మాత్రం అన్నిటికంటే అదే ఇష్టం. చూడ్డానికి పెద్ద అందమేం లేదు. కానీ వందల కిలోమీటర్ల అవతల సముద్రం మీద మబ్బు ఎటు కదులుతుందో అది చూస్తుంది. కోతకొచ్చిన చేను పెట్టుకుని నవంబరులో నిద్రపట్టని రైతుకి దానికంటే గొప్ప గోపురం ఏముంది చెప్పండి.

హైదరాబాదు సంగతి. మా అమ్మాయి వాళ్లు కోకాపేట దగ్గర ఉంటారు. వెళ్లినప్పుడల్లా సాయంత్రం గండిపేట వైపు నడుచుకుంటూ పోయి ఆ టవర్లని తీస్తుంటాను. అక్కడ ఒకటి 230 మీటర్లు దాటింది. లైట్ హౌసుల్లాంటివి ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా అందుకోవడం కష్టం. ఎండ పడమటికి వాలినప్పుడు ఆ అద్దాలు పసుపు రాసినట్టు మెరుస్తాయి. నిజంగా బాగుంటాయి, పట్నం కదా అని తీసిపారేసేదేం లేదు. నాకు ఆశ్చర్యమంతా కింద ఉంది. అక్కడ కొంచెం తవ్వితే రాయి. మా అల్లుడు చూపించిన గుంటలో మట్టి కంటే బండే ఎక్కువ. పగలగొట్టలేక తిప్పలు పడతారు, కానీ ఒకసారి పగిలాక దానిమీద ఎంత బరువైనా పెట్టుకోవచ్చు.

మన దగ్గర తవ్వి చూడండి. నల్లమట్టి, బంక, ఇసక, పది అడుగులకే నీళ్లు. ఇంకా కిందకెళ్తే ఉప్పునీళ్లు. కృష్ణమ్మ వేల ఏళ్లు తెచ్చి పోసిన మట్టి ఇది. వరికి బంగారం, పునాదికి గండం. ఎండాకాలం నెర్రెలిస్తది, వానకి ఉబ్బుద్ది. అందుకే ఇక్కడ పెద్ద కట్టడం ఏది కట్టాలన్నా పైల్స్ దింపాల్సిందే. ఎగువన అమరావతి చూడండి. సచివాలయం టవర్లకి 2018లో రాఫ్ట్ పునాది పోశారు, అంటే భూమిలో పెద్ద కాంక్రీటు తెప్పలాంటిది. 2019 తర్వాత పని ఆగి ఆ పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. 2024లో మద్రాసు ఐఐటీ వాళ్లొచ్చి పరీక్షించాక నీళ్లు తోడారు. ఆ టవర్ల చుట్టూ ఉక్కుని వెదురు తడిక అల్లినట్టు ఏటవాలుగా అల్లుతారు, డయాగ్రిడ్ అంటారు. పూర్తయితే మొదటి ఫోటో తీసేవాళ్లలో నేనుంటాను, అందులో అనుమానం లేదు.

కానీ దివిసీమ వాడిని కదా, ఎత్తు అంటే నాకు ముందు 1977 గుర్తొస్తది. నవంబరు 19, శనివారం. ఉప్పెన ఆరు మీటర్ల దాకా లేచిందంటారు. సర్కారు లెక్కే పదివేల చావులు, మావాళ్లు ఆ లెక్క ఎప్పుడూ నమ్మలేదు. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే తుడుచుకుపోయాయి. అప్పటికి బందరులో రాడార్ లేదు. మా పెద్దమ్మ వాళ్లు ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీదకెక్కి బతికారు. ఎక్కినవాళ్లు ఎక్కారు, మెట్ల దాకా రాలేనివాళ్లు రాలేదు. తుమ్మచెట్లు పట్టుకున్నవాళ్ల ఒంటి మీద ముళ్ల గీతలు ముసలితనం దాకా ఉన్నాయి. వాళ్లని చూస్తూ పెరిగాం మేం. బందరుకి 1864లో కూడా ఇదే వచ్చింది, దాదాపు ముప్పైవేల మంది పోయారు. మధ్యలో నూటపదమూడేళ్లు. మనుషులు మర్చిపోవడానికి అంత గడువు చాలు.

ఆ తర్వాతే తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి. స్తంభాల మీద నిలబెట్టి కట్టారు, కింద నుంచి నీళ్లు పోవాలని. మామూలు రోజుల్లో కొన్నిట్లో బడి నడిచేది. కోడూరు, నాగాయలంక వైపు వెళ్తే ఇప్పటికీ అక్కడక్కడా పాతవి కనపడతాయి. ఉప్పుగాలికి లోపలి ఇనప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, పైన కాంక్రీటు పెచ్చులు ఊడిపోతుంది. కొన్నిటికి మెట్లు కూడా సరిగ్గా లేవు. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో కొత్తవి కట్టారు, గట్టివే. అయితే మా దగ్గర ఒకటి పోయిన తుఫానుకి తాళం వేసి ఉంది. తాళం చెవి ఉన్నాయన ఊళ్లో లేడు. గాలి మళ్లిపోయింది కాబట్టి సరిపోయింది. మళ్లకపోతే?

ఆ షెల్టర్ల ఫోటోలు నా దగ్గర పదకొండు ఉన్నాయి. ఒక్కటి కూడా అందంగా రాలేదు, బొద్దు స్తంభాలు, నాచు పట్టిన గోడలు, కింద కట్టేసిన గేదెలు. వాటిలో మూడు ఇప్పుడు లేవు, పడగొట్టేశారు. కోకాపేట టవర్లని రోజూ వెయ్యిమంది తీస్తారు, వాటికేం లోటు లేదు. మీరు తీరం పక్క ఊళ్ల వాళ్లయితే ఈ నెలలోపు మీ షెల్టర్ ఒకటి తియ్యండి. మెట్లు మొదటి నుంచి చివరి దాకా కనపడాలి. పక్కన ఒక పెద్దావిడని నిలబెట్టండి, ఆవిడ ఆ మెట్లెక్కగలదో లేదో తెలుస్తది. తలుపు దగ్గరగా ఇంకోటి తియ్యండి. తాళం ఉంటే, చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని కింద రాయండి.