అక్కయ్యకు అత్తరు

పిల్లలూ, హైదరాబాదు చార్మినారును మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారు బొమ్మలోనైనా చూసి ఉంటారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడం దగ్గరికి ఈసారి మదీనా వైపు నుంచి నడిచి వెళ్ళండి. ఆటోలో పోతే కళ్ళకు మాత్రమే పని. నడిస్తే ముక్కుకు కూడా పని దొరుకుతుంది. ముందు ఇరానీ చాయ్ వాసన, తరవాత కొత్త బట్టల వాసన. పత్తర్‌గట్టి రాతి కమానుల పక్కన నడుస్తూంటే ఎక్కడి నుంచో గులాబీ, గంధం, పేరు తెలియని మరేదో కలగలిసి వస్తుంది. అక్కడ ఆగండి. అదే అత్తరు దుకాణం.

మొన్న వేసవిలో నేనూ, మా మనుమరాలూ అలాగే ఆగాం. మాకొక పని ఉంది. మా అక్కయ్యకు 78 ఏళ్ళు. గోదావరి పక్కన మా పల్లెలోనే ఉంటుంది. నాలుగేళ్ళ కిందట ఆమెకు చూపు పోయింది. ఇప్పుడు మనుషుల్ని అడుగుల చప్పుడును బట్టీ, వాసనను బట్టీ గుర్తుపడుతుంది. "బొమ్మ తీసుకుపోతే పెద్దమామ్మకు కనబడదు గదా తాతయ్యా, మంచి వాసన తీసుకుపోదాం" అన్నది మనుమరాలు.

నాకు కొంచెం భయం వేసింది. పూర్వం ఒకసారి నేను అక్కయ్యకు సెంటు కొని ఇచ్చాను. దుకాణంలో బిరడా తీయగానే బాగుందనిపించింది, మారు ఆలోచన లేకుండా కొనేశాను. ఆమె ఒక్కసారి రాసుకుని, తలనొప్పితో రెండు పూటలు పడుకుంది. నేను నొచ్చుకుంటానని ఆ సీసాను ట్రంకుపెట్టెలో దాచింది. దానితో పెట్టెలోని పట్టుచీరలన్నిటికీ ఆ వాసనే పట్టింది!

దుకాణంలో తెల్లగడ్డం సాయిబుగారు కూర్చుని ఉన్నారు. ఆయన వెనక అద్దాల బీరువా నిండా సీసాలే. మనుమరాలి చూపు నీలంరంగు స్ప్రే సీసా మీద పడింది. చీటీ మీద చిమ్మించుకుని, "నిమ్మకాయ వాసన, ఎంత బాగుందో!" అన్నది. "ఆ చీటీ జేబులో పెట్టుకో బిడ్డా, జర ఆగి మళ్ళా చూడు" అన్నారు సాయిబుగారు.

ఆయన అలా ఎందుకన్నారో చెబుతాను. వాసన అంటే ఆ వస్తువులోని అణువులు గాలిలోకి లేచి మన ముక్కుకు చేరడమే. నిమ్మ, నారింజల అణువులు తేలికైనవి. తొందరగా లేచి, తొందరగా పోతాయి. పూల వాసన వాటి తరవాత వస్తుంది. గంధం, అగరు బరువైనవి. నెమ్మదిగా లేచి, చివరిదాకా నిలుస్తాయి. అందువల్ల సీసా మూత తీయగానే వచ్చే వాసనా, గంట తరవాత మీ చేతి మీద మిగిలే వాసనా ఒకటి కావు. మీరు కొనేది రెండోదాన్ని. నేను ఆనాడు తప్పింది అక్కడే.

స్ప్రే సెంట్లలో ఎక్కువ భాగం ఆల్కహాలు. అందులో కలిపిన సుగంధ తైలం పాలును బట్టి పేర్లు మారతాయి. కొలోన్‌లో నూటికి సుమారు 2 నుంచి 5 పాళ్ళు, ఓ ద తాయిలెట్‌లో 5 నుంచి 15, ఓ ద పర్‌ఫ్యూమ్‌లో 15 నుంచి 20. పాలు పెరిగిన కొద్దీ వాసన ఎక్కువసేపు నిలుస్తుంది, ధరా పెరుగుతుంది. జ్వరం వస్తే మా చిన్నప్పుడు నుదుట తడిగుడ్డ వేసే ఓడికొలోన్ ఈ జాతిదే. జర్మనీలోని కొలోన్ నగరం పేరే దానికి వచ్చింది. అత్తరులో ఆల్కహాలు ఉండదు, తైలమే ఉంటుంది. అందుకని గుప్పుమని గదంతా నిండదు. దగ్గరికి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. గులాబీ అని రాసిన చవక సీసాలన్నిటిలో గులాబీ ఉంటుందనుకోకండి. ఒక్క కిలో గులాబీ తైలానికి 3,000 కిలోలకు పైగా పూరేకులు కావాలి!

"ఎవరికి సారూ?" అని అడిగారు సాయిబుగారు. చెప్పాను. "ఏ పని చేసేది? ఏ ఊళ్ళో పెరిగింది?" ఆ ప్రశ్నలు విని నాకు ఆశ్చర్యం కలిగింది. ఏ ధరలో కావాలని గదా ముందు అడగాలి! పల్లెలో పెరిగింది, పొలం పనులు చేయించింది, ఘాటు పడదు అని చెప్పాను.

ఆయన మనుమరాలి ఎడమ మణికట్టు మీద గాజుపుల్లతో ఒక చుక్క రాశారు. అది మొగలి. శ్రీకాకుళం జిల్లా దాటితే వచ్చే ఒడిషా గంజాం తీరంలో ఆ పొదలు విరివిగా ఉన్నాయి. కుడి మణికట్టు మీద వట్టివేళ్ళ అత్తరు రాశారు, ఎండాకాలానికి చలువ అని. మోచేతి మడతలో మూడోది రాశారు గాని, పేరు చెప్పలేదు. నాలుగోది కూడా చూస్తానంటే, "మూడు చాలు బిడ్డా. నాలుగోది ముక్కుకు తెల్వదు" అన్నారు. నిజమే, ముక్కు త్వరగా అలిసిపోతుంది. అప్పుడు కాసేపు మన చొక్కా చేతినే వాసన చూసుకోవాలట.

మేము గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినారు దాకా పోయి, లాడ్ బజారులో గాజులు చూసి, గంటకు పైగా తిరిగి వచ్చాం. చీటీ మీది నిమ్మ ఎగిరిపోయింది. దాని కింద తీపి వాసనేదో మిగిలింది, అది మనుమరాలికి నచ్చలేదు. మొగలి ఇంకా ఘాటుగానే ఉంది. వట్టివేళ్ళు బాగున్నాయి. మోచేతి దగ్గర ముక్కు పెట్టి, "తాతయ్యా, మా బడి గ్రౌండులో వాన పడినట్టుంది!" అన్నది.

అది మట్టి అత్తరు. ఉత్తరప్రదేశ్‌లో కాన్పూరుకు దగ్గరగా కనౌజ్ అనే ఊరుంది. హర్షవర్ధనుడి రాజధాని కన్యాకుబ్జం అదే. అక్కడ కాల్చిన మట్టి పెంకుల్ని రాగి బానలో నీళ్ళతో పోసి, మూతను బంకమట్టితో మూసి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి, నీళ్ళ తొట్టిలో ఉన్న మరో రాగిపాత్రలోకి దిగుతుంది. అందులో ముందే గంధపు నూనె ఉంటుంది. ఆవిరి చల్లబడి, మట్టి వాసనను ఆ నూనెకు అప్పగిస్తుంది. గులాబీకీ, మొగలికీ ఇదే పద్ధతి.

మట్టికి వాసన ఎలా వచ్చింది? ఎండాకాలంలో చెట్ల నుంచి వచ్చే కొన్ని తైలాలను పొడినేల పీల్చుకుంటుంది, తేమ తగలగానే వదులుతుంది. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ సంగతి రాసి, ఆ వాసనకు పెట్రికార్ అని పేరు పెట్టారు. నేలలోని సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ అనే పదార్థం కూడా వాన వాసనలో కలుస్తుంది. అయితే కనౌజ్ వాళ్ళు ఈ పేర్లు రాకముందే ఆ వాసనను సీసాలో పట్టారు.

చిన్న సీసా కొన్నాం. లోపల గంధపు నూనె ఉంది గనక చవకేమీ కాదు.

వారం తరవాత మా ఊరు వెళ్ళాం. మధ్యాహ్నం మూడు గంటలయింది. అక్కయ్య వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. మనుమరాలు ఏమీ చెప్పకుండా ఆమె ముంజేతికి ఒక చుక్క రాసింది. అక్కయ్య చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఈసారీ తలనొప్పి వస్తుందేమోనని నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"ఒరే తమ్ముడూ, చినుకులు మొదలైనట్టున్నాయి. డాబా మీద వడియాలు ఎండబెట్టారు. ఎవరైనా తీశారా?" అన్నది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మనుమరాలు నా వైపు చూసి, చప్పుడు చేయకుండా డాబా మెట్లెక్కి, వడియాల పళ్ళెం కిందికి తెచ్చింది.